పాత కారు వీల్ కప్పులు ఎందుకు ఊడిపోతున్నాయి, వైజాగ్ లాంటి ఊళ్ళో అవి నిలవాలంటే ఏం చూడాలి

అంబాసిడర్ కావచ్చు, ప్రీమియర్ పద్మిని కావచ్చు, కాంటెస్సా కావచ్చు, నడుస్తున్న కారు నుంచి వీల్ కప్పు, అంటే చక్రాన్ని బయటి వైపు నుంచి మూసే ఆ మూత, ఊడి రోడ్డు మీద దొర్లిపోయిందంటే చుట్టూ ఉన్నవాళ్ళు అనే మాట ఒకటే, కప్పు లూజైపోయింది గురూ, వెనక ఉన్న స్టీలు పళ్ళు కాస్త బయటికి వంచి గట్టిగా కొట్టేస్తే సరిపోద్ది అని. అలా కొడతారు, నాలుగు రోజులు ఉంటుంది, మళ్ళీ ఎక్కడో గోతిలో పడగానే ఊడిపోద్ది, మళ్ళీ వంచుతారు, ఈసారి ఒక పన్ను విరిగిపోద్ది. ఈ తిరుగుడంతా ఎందుకంటే అందరూ కప్పునే చూస్తారు గానీ అది పట్టుకుని ఉండే రిమ్ముని చూడరు. పట్టు అనేది రెండు వైపులా ఉండాలి కదా, కప్పు వైపు స్ప్రింగులాంటి బిగువు, రిమ్ము వైపు శుభ్రమైన గుండ్రటి అంచు. వైజాగ్‌లో ఎక్కువగా చెడిపోయేది రెండోది.

ఇది అందం కోసం పడే తాపత్రయం అనుకుంటే పొరపాటే. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో పోయే కారు నుంచి కేజీ బరువున్న స్టీలు కప్పు ఊడిందంటే అదీ అదే వేగంతో ముందుకి పోద్ది, లెక్క కడితే దాని దెబ్బ దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి కేజీ ఇనుము పడ్డంత ఉంటుంది, అంటే నాలుగో అంతస్తు నుంచి పడ్డట్టు, దానికి తోడు అంచు పదునుగా ఉంటుంది, గిర్రున తిరుగుతూ ఎటు పోతుందో తెలీదు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పిల్లలు, పక్కనే టూవీలర్లు, అలాంటి చోట ఊడితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, పోయిన కప్పు తిరిగి దొరకదు. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకంటే చాలా ముందే ఆగింది, అసలు కంపెనీ కప్పు ఒకటి పోతే మిగతా మూడిటికి జత కుదిరేది వెతకడం నెలల పని, దొరికినా దాని మెరుపు వేరేగా ఉంటుంది.

ముందు కప్పుల్లో రకాలు తెలియాలి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. బ్రిటిష్ డిజైన్ మీద వచ్చిన ఆ తరం కార్లలో ఎక్కువగా ఉండేది చక్రం మధ్యలో కూర్చునే చిన్న గుండ్రటి కప్పు, నట్లని మాత్రమే కప్పుతుంది. చక్రం డిస్కు మీద ఉండే బొడిపెల మీద దీని లోపలి మడత అంచు ఎక్కి పట్టుకుంటుంది, చాలా కార్లలో మూడు బొడిపెలే ఉంటాయి. కొన్ని చక్రాల్లో ఆ బొడిపెలు డిస్కులోనే నొక్కి తీసినవి, కొన్నిట్లో విడిగా రివిట్ కొట్టిన స్ప్రింగు ముక్కలు. రెండో రకం రిమ్ము దాకా పరుచుకునే పెద్ద కవర్, పాత అమెరికన్ కార్లలో ఎక్కువ, మన దగ్గర షోకి తర్వాత కొని పెట్టుకున్నవాళ్ళ కార్లకీ ఉంటుంది. దీని వెనక చుట్టూ స్టీలు పళ్ళు ఉంటాయి, అవి రిమ్ము లోపలి గోడని కరుచుకుంటాయి. మూడోది ప్లాస్టిక్ కవర్, వెనక ఒక తీగ రింగు, ఆ రింగు ప్లాస్టిక్ లాకుల్ని బయటికి నెడుతూ ఉంటుంది. పాత కారుకి ప్లాస్టిక్ కవర్ పెట్టడం చూడ్డానికి బాగోదు అనేది నిజమే గానీ రోజూ తిప్పే కారుకి అసలు కప్పులు దాచుకుని ఇవి పెట్టుకునేవాళ్ళని తప్పుపట్టలేం.

"స్పీడుకి ఎగిరిపోయింది" అంటారు గానీ, చక్రం తిరగడం వల్ల పుట్టే లాగుడు కప్పుని పక్కకి, అంటే కారు నుంచి బయటి వైపుకి తొయ్యదు, అంచుల వైపుకి లాగుతుంది. కప్పు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ లాగుడు వల్ల అది ఊడదు. ఊడదీసేది రిమ్ము వంగుడు. స్టీలు చక్రం గట్టిగా కనిపిస్తుంది గానీ కారు బరువు పడ్డప్పుడు, మలుపు తిరిగేటప్పుడు కంటికి కనపడనంత వంగుతుంది, కింద నేలకి ఆనే భాగం ఒక ఆకారంలో, పైభాగం ఇంకో ఆకారంలో ఉంటాయి, చక్రం తిరుగుతుంటే ఆ వంపు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అంబాసిడర్ 15 అంగుళాల చక్రం పాత సైజు టైరుతో కిలోమీటరుకి దాదాపు 480 సార్లు తిరుగుతుంది, అంటే వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క వైపు ప్రయాణానికే 55 వేల సార్లు ఆ వంపు ప్రతి పన్ను కిందుగా పోతుంది. ప్రతిసారీ పన్ను వెంట్రుకవాసి జరుగుతుంది, బిగువు అన్ని పళ్ళకీ సమానంగా ఉంటే మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది, ఒక వైపు తక్కువగా ఉంటే మాత్రం వెనక్కి రాదు, కొంచెం కొంచెంగా బయటికి నడుచుకుంటూ వచ్చేస్తుంది. ఆఖరికి ఒక స్పీడ్ బ్రేకరో, ఫ్లైఓవర్ మీద జాయింటో తగిలి ఊడుతుంది, మనం ఆ స్పీడ్ బ్రేకర్‌ని తిట్టుకుంటాం.

బయటికి రావడం ఒక్కటే కాదు, కప్పు చక్రం మీద గుండ్రంగా కూడా జారుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం ఆగుతుంది, కప్పు మాత్రం తిరుగుతూనే ఉండాలని చూస్తుంది, ప్రతి బ్రేకుకీ కొంచెం కొంచెం ముందుకి జరుగుద్ది. పెద్ద కవర్లలో ఇది నిజంగా ప్రమాదం, ఎందుకంటే దాంట్లో వాల్వ్ బయటికి రావడానికి ఒక కన్నం ఉంటుంది, కవర్ జరిగితే ఆ కన్నం అంచు వాల్వ్‌ని నొక్కుతుంది, రబ్బరు వాల్వ్ అయితే కోసుకుపోయి గాలి దిగిపోద్ది. కారణం తెలీక ట్యూబు మార్చుకుంటూ ఉండేవాళ్ళు ఉంటారు. వాల్వ్ ఒక పక్కకి వాలి ఉందా, దాని మొదట్లో గీత పడిందా అని చూస్తే చాలు, కవర్ జరుగుతోందో లేదో తెలిసిపోద్ది.

రేడియల్ టైర్ల సంగతి కూడా చెప్పాలి. ఈ పాత చక్రాలు క్రాస్ ప్లై టైర్ల కాలంలో తయారయ్యాయి, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోయే పాత రకం టైర్లు. రేడియల్ వేస్తే కారు మలుపుల్లో బాగా పట్టుకుంటుంది, నడపడానికి సుఖం, కానీ ఆ పట్టు తాలూకు పక్క బలం అంతా రిమ్ము మీదకే వస్తుంది, వంగుడు పెరుగుతుంది. రేడియల్ మార్చాక కప్పులు ఊడటం మొదలైందంటే అందులో వింతేం లేదు. అలాగని మళ్ళీ క్రాస్ ప్లైకి పొమ్మని కాదు, బ్రేకు పట్టు, మలుపులో భద్రత ముఖ్యం, కప్పుని మాత్రం ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి అంతే.

ఇక మన ఊరి సంగతి. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఇనుము పరిస్థితి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, గ్రిల్స్, గేట్లు, ఏసీ బయటి పెట్టెలు అన్నీ చూస్తూనే ఉన్నాం. ఉప్పు తాలూకు గుణం ఏంటంటే గాలిలో తేమ 75 శాతం దాటగానే అది తనంతట తనే నీళ్ళు పీల్చుకుని ద్రవంగా మారుతుంది, వైజాగ్ ఉదయాల్లో తేమ తరచూ ఆ గీత దాటేస్తుంది, అంటే వాన పడకపోయినా, కారు కదలకపోయినా, కప్పుకీ రిమ్ముకీ మధ్య ఉన్న సందులో ఉప్పునీరు తయారవుతూనే ఉంటుంది. కప్పు స్టెయిన్‌లెస్ అయితే ఇంకా దారుణం, రెండు వేరు వేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఆనుకుని ఉంటే తక్కువ రకం లోహం త్వరగా తినేసుకుపోద్ది, ఇక్కడ తక్కువ రకం అంటే మన రిమ్మే. కప్పు ఏమో అద్దంలా మెరుస్తూ ఉంటుంది, దాని వెనక రిమ్ము మాత్రం పొరలు పొరలుగా లేస్తూ ఉంటుంది. పోర్టు చుట్టుపక్కల, పాత ఊరి వైపు కార్లు పెట్టుకునేవాళ్ళకి దీనికి తోడు నల్లటి దుమ్ము కూడా ఉంటుంది, అది తేమతో కలిసి సందుల్లో ముద్దలా పేరుకుని ఆ తడిని ఎండనివ్వదు.

తుప్పు ఇక్కడ ఇంకో మాయ చేస్తుంది. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం పెరుగుతుంది, రెండు మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకని పన్ను దగ్గర తుప్పు మొదలైనప్పుడు కప్పు లూజవ్వదు, ఇంకా బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, తీయబోతే రాదు కూడా. అది చూసి బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. కానీ ఆ బిగువు నమ్మకూడనిది, తుప్పు పొర పెళుసు, ఒక మంచి కుదుపుకి పొర మొత్తం రాలిపోద్ది, రాలిన చోట పన్నుకి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. నిన్నటి దాకా రాయిలా ఉన్న కప్పు ఇవాళ ఊడిపోయిందేంటి అని ఆశ్చర్యపడే చాలామంది విషయంలో జరిగేది ఇదే, హుద్‌హుద్‌లాంటి తుఫాన్లప్పుడో వర్షాల్లోనో నీళ్ళలో నానిన కార్లలో ఇది మరీ ఎక్కువ.

సముద్రం తర్వాత అంత నష్టం చేసేది పంచర్ షాపు. అక్కడి కుర్రాళ్ళ తప్పని అనలేం, వాళ్ళకి రోజంతా అల్లాయ్ చక్రాలు, బైకు చక్రాలే వస్తాయి, ఈ కప్పు ఎలా తీయాలో ఎవరూ చెప్పరు. పెద్ద స్క్రూడ్రైవర్ ఒక చోట దూర్చి ఒక్క ఊపుతో లేపేస్తారు. ఆ పళ్ళ తీరే అలాంటిది, లోపలికి పోయేటప్పుడు జారుతుంది, బయటికి లాగితే ఇంకా గట్టిగా కరుస్తుంది, గేలం ముల్లులా. ఒకే చోట నుంచి లాగితే ఆ దగ్గర్లో ఉన్న పళ్ళు రెండు మూడు వెనక్కి మడతపడిపోతాయి, అంచు అండాకారం అవుతుంది. పెట్టేటప్పుడు మళ్ళీ ఇనుప సుత్తితో మధ్యలో కొడతారు, మధ్యలో కొడితే కప్పు చదునై అంచులు బయటికి విచ్చుకుంటాయి. మన కళ్ళకి కనపడేది ఒక చిన్న సొట్ట, అసలు నష్టం వెనక ఉంటుంది. కాబట్టి పంచర్ వేయించడానికి వెళ్తే కప్పు ఇంట్లోనో, షాపు ముందు మనమే దిగో తీసి చక్రం ఇవ్వడం మంచిది, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తీసే పద్ధతి కష్టమేం కాదు. గుడ్డ చుట్టిన చదునైన పట్టీ తీసుకుని ఒక చోట కొంచెం లేపి, అక్కడే ఆపి, పక్కకి జరిగి ఇంకో చోట కొంచెం లేపి, అలా చుట్టూ రెండు మూడు సార్లు తిరగాలి, వాల్వ్ ఉన్న వైపు ఆఖర్న. పెట్టేటప్పుడు దీనికి సరిగ్గా రివర్స్‌లో, ముందు వాల్వ్ కన్నం సరిచూసుకుని ఆ వైపు కూర్చోబెట్టి, తర్వాత అరచేత్తో అంచు మీద ఎదురెదురుగా నొక్కుకుంటూ రావాలి, కావాలంటే రబ్బరు సుత్తి, అదీ అంచు మీదే, పళ్ళు ఉన్న చోటే. చిన్న కప్పు అయితే ముందు రెండు బొడిపెల మీద అంచు ఎక్కించి మూడో దాని దగ్గర అరచేత్తో ఒక్క దెబ్బ, టక్కుమని శబ్దం రావాలి, ఆ శబ్దం రాకుండా మెత్తగా వెళ్ళి కూర్చుందంటే పట్టు లేనట్టే.

అసలు బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నట్ల దగ్గర. కప్పు నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తోందంటే అది కప్పే అని ఊహించేసుకోకూడదు, లూజు నట్టు కూడా అదే శబ్దం చేస్తుంది, కప్పు ఉండటం వల్ల నట్లు కంటికి కనపడవు, అందుకే ముందు కప్పు తీసి స్పానర్ పెట్టి ప్రతి నట్టూ చూడాలి. కప్పు ఊడితే పోయేది కప్పు, చక్రం ఊడితే పోయేది మనిషి.

తర్వాత చక్రం జాకీ మీద లేపి తిప్పి చూడాలి, పక్కన కదలకుండా ఒక పుల్లో చాక్‌పీసో నిలబెట్టి అంచు దానికి దగ్గరగా, దూరంగా ఊగుతోందా అని. గోతుల్లో పడి రిమ్ము అంచు ఒక చోట లోపలికి నొక్కుకుని ఉంటే కప్పుని ఎంత సరిచేసినా నిలవదు, రిమ్ముని సరిచేయించాలి, మరీ ఎక్కువ వంగితే మార్చాలి. ఇక్కడే ఇంకో చిన్న దొంగ కారణం ఉంటుంది, వీల్ బ్యాలెన్సింగ్ చేసినప్పుడు బయటి అంచుకి కొట్టే సీసం ముక్క. పెద్ద కవర్ అంచు సరిగ్గా దాని మీదకి వస్తుంది, ఆ ముక్క ఉన్న చోట కవర్ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది, ఆ పక్క పళ్ళు ఏమీ పట్టుకోవు. కొత్తగా బ్యాలెన్సింగ్ చేయించిన వారంలోనే కవర్ ఊడిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. బ్యాలెన్సింగ్ చేసేవాళ్ళకి ముందే చెప్పి లోపలి వైపు అంటించే రకం బరువులు వేయించుకుంటే సరిపోద్ది.

రిమ్ము శుభ్రం చేసేటప్పుడు పళ్ళు కరిచే ఆ పట్టీ వరకు వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో తుప్పంతా పోయేదాకా గీకి, ప్రైమర్ వేసి పైన పల్చగా పెయింటు. పల్చగా అనేది గట్టిగా చెప్పాలి. మన దగ్గర రిమ్ములకి పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి వేడితో అతికించడం, చేయించడం ఇప్పుడు బాగా అలవాటైంది, మందంగా వేయిస్తే గట్టిదనం అనుకుంటారు, కానీ ఆ మందమైన పొరని పళ్ళు చీల్చుకుంటూ పోతాయి, పొర పెచ్చులుగా లేస్తుంది, లేచిన సందులోకి ఉప్పు తేమ దూరి పెయింటు కిందనే తుప్పు నడుస్తుంది. బొడిపెల మీద అయితే మందం ఎక్కువైతే కప్పు పూర్తిగా కూర్చోనే కూర్చోదు. కోటింగ్ చేసేవాళ్ళకి చెప్పి ఆ భాగాలకి టేపు వేయించి, తర్వాత చేత్తో పల్చగా పెయింటు వేసుకోవడం మేలు.

బొడిపెలు అరిగిపోయి ఉంటే గాజువాక ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులోనైనా చిన్న చుక్క వెల్డింగ్ వేసి ఆకురాయితో నున్నగా చేసి ఇవ్వగలరు. అయితే టైరూ ట్యూబూ రెండూ రిమ్ము నుంచి పూర్తిగా విప్పకుండా ఎవరినీ రిమ్ముకి వెల్డింగ్ పెట్టనివ్వద్దు, గాలి తీశాం కదా చాలు అంటే కూడా ఒప్పుకోవద్దు, లోపల వేడికి రబ్బరు నుంచి గ్యాసు పుట్టి టైరు బాంబులా పేలుతుంది, మనుషులు చచ్చిపోయిన పని ఇది.

పళ్ళు వంచడం అనేది ఇన్ని పనులయ్యాక చేయాల్సింది, అదీ అన్నిటినీ సమానంగా, కొంచెం కొంచెం. నేల మీద రిమ్ము వ్యాసానికి ఒక గుండ్రం గీసుకుని కవర్ బోర్లా పెట్టి చూస్తే ఏ పన్ను లోపలికి పోయిందో తెలిసిపోద్ది, దాన్ని మాత్రం నోస్ ప్లయర్‌తో బయటికి తేవాలి. స్టీలు వంచిన ప్రతిసారీ ఇంకా గట్టిపడి పెళుసవుతుంది కాబట్టి ఒకే పన్నుని పదే పదే ఇటూ అటూ వంచితే విరుగుద్ది, విరిగిన పన్ను మళ్ళీ పెట్టడం కష్టం. పళ్ళకి గ్రీజు మాత్రం రాయకూడదు, తుప్పు పట్టకుండా అని రాస్తారు గానీ అక్కడ పనిచేసేది రాపిడే, గ్రీజు రాస్తే జారుడే. రాయాలంటే కవర్ లోపలి మిగతా భాగానికి రాసుకోవచ్చు.

ఇవన్నీ చేసినా ఇంకా అనుమానంగా ఉంటే అదనపు ఏర్పాట్లు ఉన్నాయి. పళ్ళు ఆనే నాలుగైదు చోట్ల సిలికోన్ చిన్న చుక్కలు పెట్టడం చాలా మంది చేస్తారు, పనిచేస్తుంది కూడా, తీయాలంటే కాస్త బలం పెడితే వచ్చేస్తుంది. సిలికోన్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అందులో నుంచి వచ్చే ఆమ్లం ఇనుముని తినేస్తుంది, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగాలి. చిన్న కప్పులు గలగలమంటుంటే బొడిపె మీద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టడం మన దగ్గర పాత అలవాటు, శబ్దం ఆగుతుంది, పట్టూ పెరుగుతుంది, కానీ ఆ రబ్బరు కింద ఉప్పు తడి దాక్కుంటుంది కాబట్టి బీచ్ వైపు తిరిగే కార్లకి రెండు మూడు నెలలకోసారి తీసి కడిగి ఆరబెట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లని నైలాన్ ట్యాగులతో చక్రానికి కట్టెయ్యడం మంచి పద్ధతే, తెల్లవి కాకుండా నల్లవి వాడాలి, తెల్లవి ఎండకి త్వరగా పెళుసైపోతాయి. ఇన్సులేషన్ టేపు చుట్టడం మాత్రం దండగ, బ్రేకుల వేడికి జిగురు కరిగి జారిపోద్ది.

అసలు కంపెనీ కప్పుకి కన్నాలు పెట్టి స్క్రూలు బిగించడం, రిమ్ముకి డ్రిల్లు వేయడం చూస్తుంటే బాధేస్తుంది. కప్పు విలువ పోవడం ఒకటి, రిమ్ములో ప్రతి కన్నం దగ్గరా పగులు మొదలవడానికి చోటు ఇచ్చినట్టవుతుంది, రోజుకి వేల సార్లు వంగే వస్తువుకి అది మంచిది కాదు. నట్టు కింద పట్టీ దూర్చి దానికి కప్పు బిగించే ఆలోచన కూడా జాగ్రత్తగా చూడాలి. 1980ల్లో కొన్ని అమెరికన్ కార్ల బరువైన వైర్ కవర్లకి, అంటే చువ్వల చక్రంలా కనిపించే కవర్లకి, దొంగతనం భయంతో ఇలాంటి లాకు పట్టీ కంపెనీయే ఇచ్చింది, కానీ అది ఆ చక్రానికి కొలిచి చేసింది, మన లేత్ షాపులో కోసిన రేకు ముక్క నట్టుకీ చక్రానికీ మధ్య ఉంటే నట్టు కూర్చోవాల్సిన ఏటవాలు చోటులో సరిగ్గా కూర్చోదు, మెల్లగా లూజవుతుంది.

బిగించాక పరీక్షకి చాక్‌పీసు చాలు. కప్పు మీద నుంచి రిమ్ము అంచు దాకా ఒక గీత గీసి, హనుమంతవాక నుంచి భీమిలి దాకానో, సింహాచలం కొండ ఎక్కి దిగడమో చేసి వచ్చి చూడాలి, గీత రెండుగా విడిపోయి ఉంటే కప్పు జరుగుతున్నట్టు. టైరు మీద గీయకూడదు, టైరే రిమ్ము మీద జరిగే అవకాశం ఉంటుంది. ముందు చక్రాలకి మలుపుల్లో పక్క బలం ఎక్కువ కాబట్టి అవి ఇంకోసారి చూసుకోవాలి. పళ్ళున్న కవర్‌ని మొదటి ప్రయాణం తర్వాత ఒకసారి అంచు చుట్టూ మళ్ళీ అరచేత్తో నొక్కాలి, కొత్త పెయింటులో పళ్ళు కుదురుకునేసరికి కొంచెం సర్దుకుంటాయి.

అరకు దారిలో ఉన్న అనంతగిరి ఘాట్‌కి పోయేటప్పుడు అసలు కప్పులు తీసి డిక్కీలో పెట్టుకోవడమే నయం. దిగేటప్పుడు గంట సేపు బ్రేకుల మీదే ఉంటాం, డ్రమ్ములు కాలిపోతుంటాయి, ఆ వేడి చక్రానికి వస్తుంది, పైన పెద్ద కవర్ ఉంటే గాలి ఆడటం తగ్గుతుంది, ప్లాస్టిక్ అయితే లాకులు మెత్తబడతాయి, అదే సమయంలో ఒకదాని తర్వాత ఒకటి మలుపులు. అక్కడ కప్పు ఊడిందంటే లోయలోకే. తీసినవి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా మధ్యలో పాత తువ్వాలు పెట్టి చుట్టాలి, లేకపోతే డిక్కీలో కుదుపులకి క్రోమ్ మీద గీతలు పడిపోతాయి. లోపలి వైపు పెయింటుతో కారు నంబరు, ఎడమా కుడీ, ముందూ వెనకా రాసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు ఏ కప్పు ఏ చక్రం మీద కుదురుకుందో అదే చక్రానికి పోద్ది, ఎక్కడైనా పడిపోయినా దొరికినవాళ్ళకి ఎవరిదో తెలుస్తుంది.